ముందు చక్రం గాల్లో ఉంటే ఇంజన్ ఆయిల్ ఎక్కడుంటుంది?

ఫోన్లో రీల్స్ తోస్తూ పోతే ప్రతి నాలుగైదింటికి ఒక వీలీ తగులుతోంది. ముందు చక్రం గాల్లో, వెనకాల మాస్ పాట, కింద నిప్పు బొమ్మలు. కామెంట్లలో ప్రశ్నలు కూడా దాదాపు ఒకటే రకం. ఏ బండన్నా? ఏ గేరులో లేపావు? క్లచ్ ఎంత వదలాలి? బండి అలా నిలబడినంతసేపు లోపలున్న ఇంజన్ ఆయిల్ ఎటు పోయిందని అడిగినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు. ఈ వారం ఆ ఒక్క ప్రశ్నే పట్టుకుందాం.

"నేను వీలీలు కొట్టను, నాకెందుకు?" అనుకునేవాళ్లు కూడా చదవండి. పులివెందుల లాంటి ఊళ్లో చాలా ఇళ్లకు ఒకటే బండి. పొద్దున్నే నాన్న చీనీ తోటకో, అరటి తోటకో పోయేది దాని మీదే. తర్వాత చెల్లెల్ని కాలేజీ దగ్గర దింపేది, సాయంత్రం అమ్మను వేంపల్లెలో చుట్టాలింటికి తీసుకుపోయేది కూడా అదే. ఆ బండి ఇంజన్ పట్టేసిందంటే ఇంటి పనంతా ఆగిపోతుంది. దాని ప్రాణం లోపలున్న లీటరు నూనెలో ఉంది. వీలీ కొట్టినప్పుడు ఆ నూనెకు ఏమవుతుందో తెలిస్తే, మామూలు రోజుల్లో దానికి ఏం కావాలో కూడా అర్థమవుతుంది.

ఇంటి ముందు సంపు, ఇంజన్ కింద సంపు

మన ఇళ్ల ముందు కుళాయి నీళ్లు పట్టుకునే సంపు తెలుసు కదా. ఇంజన్ అడుగున ఆయిల్ నిలవుండే చోటును కూడా సంపు అనే అంటారు. పనీ అలాంటిదే. ఇంట్లో మోటారు సంపులోని నీళ్లు లాగి మిద్దె మీది ట్యాంకుకు ఎక్కిస్తుంది. ఇంజన్లో చిన్న పంపు ఆయిల్ని లాగి క్రాంక్‌కి, గేర్లకి, పైన హెడ్‌లో ఉండే క్యామ్‌కి పంపిస్తుంది. అక్కడ పని చేసుకున్న ఆయిల్ కారుకుంటూ మళ్లీ సంపులోకి దిగుతుంది. ఎక్కించడానికి పంపు ఉంది. దిగడానికి మాత్రం భూమి లాగడమే ఆధారం.

100 సీసీ బండిలో ఈ ఆయిల్ మొత్తం సుమారు లీటరు. మన బండ్లలో ఎక్కువ వాటికి ఇంజన్, గేర్‌బాక్స్, క్లచ్ అన్నిటికీ ఆ లీటరే దిక్కు. క్రాంక్ ముందువైపు, గేర్లు దాని వెనకాల, అన్నీ ఒకే అల్యూమినియం పెట్టెలో కూర్చుని ఉంటాయి. పంపు ఆయిల్ని పీల్చే చోట ఒక జల్లెడ ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని స్ట్రైనర్ అంటారు. ఆ జల్లెడ ఎప్పుడూ ఆయిల్లో మునిగి ఉండాలి. ఈ కథకంతా అదే మూలం.

ఆయిల్ ఎందుకింత ముఖ్యం? ఇంజన్లో తిరిగే లోహపు భాగాలు ఒకదాన్నొకటి నేరుగా రాసుకోకుండా మధ్యలో ఆయిల్ పొర ఉంటుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఈ పొర కొన్ని మైక్రాన్లు, కొన్నిచోట్ల అంతకంటే పలచన. లోహాన్ని లోహం నుంచి దూరంగా ఉంచేది ఆ పొరే. పుట్టిన వేడిని మోసుకుపోయేది, అరిగిన రజనును ఫిల్టర్ దాకా తెచ్చేది కూడా ఆయిలే.

ఇప్పుడు మన రైతుల దగ్గరికి వద్దాం. బోర్లు ఇన్ని రాకముందు బావుల్లో మోటార్లు ఉండేవి. బావిలోకి దించిన పైపు చివర ఫుట్‌వాల్వు. నీళ్లు దానికంటే కిందికి దిగిపోతే పైపు గాలి పీలుస్తుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, పైన మాత్రం చుక్క నీళ్లు రావు. చప్పుడు మారిపోతుంది. దూరంగా మడవ కడుతున్న రైతు ఆ చప్పుడు వినగానే పార వదిలేసి స్టార్టర్ దగ్గరికి పరిగెత్తుతాడు. ఎందుకంటే నీళ్లు లేకుండా తిరిగిన మోటారు గతేమిటో ఆయనకు తెలుసు.

వీలీలో జరిగేది కూడా ఇలాంటిదే, ఒక్క తేడాతో. ఇంజన్ సంపులో ఆయిల్ తగ్గిపోదు. ఉన్న ఆయిలే పక్కకు జరుగుతుంది. పళ్లెంలో నీళ్లు పోసి ఒక అంచు పైకెత్తండి. నీళ్లన్నీ రెండో అంచుకు చేరతాయి, ఎత్తినవైపు పళ్లెం అడుగు బయటపడుతుంది. జల్లెడ ఆ బయటపడిన వైపు ఉంటే పంపు గాలి పీలుస్తుంది.

ఘాటు మలుపులో ఎందుకు ఏమీ కాదు?

ఇక్కడ ఒక డౌటు రావాలి. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. పాలకోవ కోసం ఆగే చోటు కాబట్టి చాలామందికి తెలిసిందే. ఆ మలుపుల్లో బండిని బాగా వంచి తిప్పుతాం. మరి అప్పుడు ఆయిల్ పక్కకు పోయి జల్లెడ బయటపడదా?

పడదు. టీ కొట్టు కుర్రాడి చేతిలో వేలాడే తీగ స్టాండు గుర్తు తెచ్చుకోండి. ఆరు గ్లాసులు పెట్టుకుని, అటూ ఇటూ ఊపుకుంటూ సందులో పోతాడు. స్టాండు వంగుతుంది కానీ టీ ఒలకదు. స్టాండు ఎంత వంగితే, లోపలి టీ మీద పడే బలం కూడా అటే వంగుతుంది. గ్లాసు దృష్టిలో టీ ఎప్పుడూ అడుగునే ఉంటుంది.

మలుపులో బైకు కూడా అంతే. వేగానికి తగ్గట్టు వంగుతుంది కాబట్టి ఆయిల్ సంపు అడుగుకే నొక్కుకుని ఉంటుంది. కారుకు ఈ సౌకర్యం లేదు. కారు వంగదు, అందుకే మలుపులో ఆయిల్ పక్క గోడకు ఎక్కుతుంది. రేసు కార్లలో ఆయిల్‌కు విడిగా ట్యాంకు పెట్టే డ్రై సంపు పద్ధతి వాడటానికి ఇదొక పెద్ద కారణం.

ఘాటు ఎక్కేటప్పుడు కూడా పెద్ద తేడా రాదు. 20 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకెక్కే రోడ్డు మనకు నిటారుగానే అనిపిస్తుంది. లెక్క వేస్తే అది మూడు డిగ్రీలు కూడా లేదు. గట్టిగా బ్రేకు వేస్తే మాత్రం తేడా ఎక్కువే. ఆయిల్ మట్టం 30 డిగ్రీల పైన ముందుకు వాలిపోవచ్చు. కానీ 60 కిలోమీటర్ల వేగం నుంచి అలా బ్రేకు వేస్తే రెండు మూడు సెకన్లలో బండి ఆగిపోతుంది. ఇంజన్ తయారు చేసేవాళ్లు ఇంతవరకూ ముందే ఊహిస్తారు. సంపును లోతుగా, ఇరుకుగా చేస్తారు, మధ్యలో ఆయిల్ ఎగరకుండా అడ్డు గోడలు పెడతారు, జల్లెడను తగిన చోట ఉంచుతారు. రోజువారీ బండి తోలుడుకు అది చాలు.

జానెడు లేచినా, నిలువునా లేచినా

వీలీ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. మామూలుగా మనం అనుకునేది, చక్రం ఎంత ఎత్తుకు లేస్తే ఆయిల్‌కు అంత కష్టం అని. నిజానికి ఎత్తు ఒక్కటే లెక్క కాదు. నాకు ఈ సబ్జెక్టులో బాగా నచ్చిన ముక్క ఇదే.

ఆయిల్‌ను వెనక్కి నెట్టేవి రెండు ఉన్నాయి. ఒకటి, బండి వాలు. ముందు భాగం పైకి లేస్తే ఆయిల్ వెనక్కి జారుతుంది. రెండోది, వేగం పెరగడం. ఆర్టీసీ బస్సు ఒక్కసారి కదిలితే నిలబడినవాళ్లం వెనక్కి తూలుతాం కదా, యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఆయిల్ కూడా అలాగే వెనక్కి తూలుతుంది. ఇంజన్లో ఆయిల్‌కు తెలిసేది ఈ రెండూ కలిసిన లాగుడు మాత్రమే. ఎంత వాలు వల్ల, ఎంత వేగం వల్ల అని విడదీసి చూసే తెలివి దానికి లేదు.

ఇప్పుడు వీలీలో బండి పడిపోకుండా, వెనక్కి తిరగబడకుండా నిలవాలంటే ఏం కావాలి? ఆ కలిసిన లాగుడు బండి, మనిషి కలిసిన బరువు కేంద్రం నుంచి బయల్దేరి సరిగ్గా వెనక టైరు నేలను తాకే చోటు గుండా పోవాలి. అటు తప్పితే చక్రం దబ్బున దిగుతుంది, ఇటు తప్పితే మనిషి వెల్లకిలా పడతాడు.

బండికి సంబంధించినంతవరకు బరువు కేంద్రం దాదాపు మారని చోటు, టైరు నేలను తాకే చోటు మాత్రం బండి లేచేకొద్దీ చక్రం అంచు వెంట వెనక్కి జరుగుతుంది. అందుకే వాటి మధ్య గీసిన గీత కూడా కొంత మారుతుంది. అయినా గాలి అడ్డం లెక్కలోకి తీసుకోకపోతే, చక్రం జానెడే లేచినా, వీలీ నిలకడగా ఉన్నంతసేపు లోపల ఆయిల్ వాలు పెద్దదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు చక్రాలూ నేల మీద ఉన్నప్పుడు బరువు కేంద్రం 60 సెంటీమీటర్ల ఎత్తులో, వెనక టైరు నేలను తాకే చోటుకు 65 సెంటీమీటర్లు ముందు ఉందనుకోండి. చక్రం నేలను అప్పుడే వదిలిందనుకుని లెక్క వేస్తే వాలు సుమారు 47 డిగ్రీలు వస్తుంది. చక్రం నేలకు కాస్త పైన తేలుతూ ఉండాలంటే బండి 2.6 సెకన్లలో 100 కిలోమీటర్ల వేగం అందుకునేంత గట్టిగా దూసుకుపోవాలి. అది పెద్ద స్పోర్ట్స్ బైకులకే సాధ్యం. మన 100 సీసీ బండికి అంత సత్తువ లేదు. అందుకే చిన్న బండ్లతో వీలీ కొట్టేవాళ్లు క్లచ్‌తో ఎగరేసి, హ్యాండిల్ లాగి, బండిని ఇంకా ఎత్తుకు లేపి, అక్కడ తూకం పట్టుకుంటారు. చూసేవాళ్లకు అవి రెండు వేరు వేరు వీలీలు. ఆయిల్‌కు మాత్రం రెండింట్లోనూ పెద్ద వాలే.

ఇది స్థిరంగా ఉన్న వీలీ లెక్క. క్లచ్ వదిలి ఎగరేసిన క్షణంలో ఆయిల్ ఇంతకంటే ఎక్కువే ఎగిసిపడుతుంది. ఇక వెనక కడ్డీ నేలకు రాసుకుంటూ బండిని గడియారంలో 12 గంటల ముల్లులా నిలబెట్టే స్టంటు ఉంది. అందులో నేలను తాకే చోటే మారిపోతుంది. ఇంజన్ దాదాపు 90 డిగ్రీలు తిరుగుతుంది. వెనక గోడే అడుగు అయిపోతుంది. ఆయిలంతా గేర్ల వెనక్కి చేరి కూర్చుంటుంది.

కాబట్టి అసలు ప్రశ్న ఎంత ఎత్తు అన్నది ఒక్కటే కాదు, ఎంతసేపు అన్నది కూడా. సెకను పాటు లేచి దిగిన బండికి ఏమీ కాకపోవచ్చు. రీల్ పది సెకన్లే. దాని కోసం ఖాళీ రోడ్డు మీద రెండు నెలలు సాయంత్రాలు చేసిన ప్రాక్టీసు సంగతి ఎవరూ పోస్టు చేయరు. ఇంజన్ లెక్కలో పడేది ఆ ప్రాక్టీసంతా.

పంపు గాలి తాగితే

జల్లెడ బయటపడిన వెంటనే ఇంజన్ ఆగిపోదు. బేరింగుల మధ్య అప్పటికే ఉన్న ఆయిల్ పొర కాసేపు కాపాడుతుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, సర్వర్ పడిపోయినా క్యాష్‌లో ఉన్న పేజీ కాసేపు తెరుచుకున్నట్టు. కానీ ఆ క్యాష్ చాలా చిన్నది. ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతోందంటే సెకనుకు 100 చుట్లు. ఐదు సెకన్ల వీలీలో 500 చుట్లు. ప్రతి చుట్టుకూ కొంత ఆయిల్ బేరింగు అంచుల నుంచి బయటికి జారిపోతూ ఉంటుంది. వెనకాల నుంచి కొత్తది రాకపోతే పొర పలచబడి, ఒక చోట తెగిపోతుంది.

సగం గాలి, సగం ఆయిల్ కలిసినా ఇబ్బందే. నురగ వచ్చిన ఆయిల్ గట్టిగా నొక్కితే అణిగిపోతుంది. బరువు మోయలేదు. గాలి బుడగలు పంపులో చేరితే ప్రెషర్ కూడా పడిపోతుంది. చక్రం నేలకు దిగాక కూడా ఆ బుడగలు బయటికి పోయి, ప్రెషర్ మళ్లీ మామూలుగా రావడానికి కాస్త సమయం పడుతుంది. దెబ్బ తగిలేది ఏ బేరింగుకన్నది ఇంజన్ రకాన్ని బట్టి ఉంటుంది.

పెద్ద స్పోర్ట్స్ బైకుల నాలుగు సిలిండర్ల ఇంజన్లలో క్రాంక్ ప్లెయిన్ బేరింగుల మీద తిరుగుతుంది. అంటే గుండ్లు, రోలర్లు ఏమీ ఉండవు. నున్నటి లోహపు చిప్పలు, మధ్యలో ప్రెషర్‌తో వచ్చే ఆయిల్ మాత్రమే. ఆయిల్ ఉన్నంతకాలం ఇవి లక్ష కిలోమీటర్లైనా నడుస్తాయి. ప్రెషర్ పడిపోతే మాత్రం సెకన్లలో గీతలు పడతాయి, కాలితే క్రాంక్‌నే పట్టేస్తాయి.

స్ప్లెండర్ తరహా బండ్లలో క్రాంక్ బాల్ బేరింగుల మీద తిరుగుతుంది. కనెక్టింగ్ రాడ్డు పెద్ద కొనలో సన్నటి నీడిల్ రోలర్లు ఉంటాయి. వీటికి ప్రెషర్ కంటే తడి ముఖ్యం. క్రాంక్, గేర్లు తిరుగుతూ ఎగజిమ్మే ఆయిల్ తుంపరతో కూడా కాసేపు నెట్టుకొస్తాయి. మన చిన్న బండ్లు ఇంత మొరటుగా తోలినా తట్టుకోవడానికి ఇదొక కారణం. అలాగని వాటికి ఏమీ కాదని అనుకోకండి. పైన హెడ్‌లో క్యామ్, రాకర్లు బతికేది పంపు పంపే ఆయిల్‌తోనే. అక్కడ అరుగుదల మొదలైతే ముందు ఒక టకటక శబ్దం వస్తుంది. ట్యాపెట్లు సరిచేయించినా ఆ శబ్దం పోలేదంటే లోపల క్యామ్ గీసుకుపోయిందేమో చూడాలి.

వేడి సంగతి కూడా మరిచిపోవద్దు. గాలితో చల్లబడే ఇంజన్‌కు ఎదురుగాలి కావాలి. వీలీలో వేగం తక్కువ, ఇంజన్ చుట్లు ఎక్కువ. అందులోనూ మనది 40 డిగ్రీలు దాటే ఎండలు కాసే సీమ. వేడెక్కిన ఆయిల్ పలచబడుతుంది. పలచబడిన పొర ఇంకా తొందరగా తెగుతుంది.

అన్నిటికంటే ఇబ్బందికరమైన విషయం, ఇదంతా జరుగుతుంటే బండి మనకు ఏమీ చెప్పదు. చిన్న బండ్లలో చాలావాటికి ఆయిల్ ప్రెషర్ లైటే ఉండదు. అలర్ట్ లేదు, లాగ్ లేదు. పెద్ద బండ్లలో లైటు ఉన్నా, అది వెలిగేది ప్రెషర్ పడిపోయిన తర్వాతే. బావి దగ్గర రైతుకు కనీసం చప్పుడు మారినట్టు తెలుస్తుంది. హెల్మెట్‌లో ఉన్నవాడికి, సైలెన్సర్ మోతలో అదీ తెలియదు.

331 కిలోమీటర్ల వీలీ

"మరి గంటల తరబడి వీలీ కొట్టినవాళ్లు ఉన్నారు కదా?" అంటారు. ఉన్నారు. 1991 మే 5న జపాన్‌లోని త్సుకుబా దగ్గర యసుయుకి కుడో అనే రైడరు ఒక టెస్ట్ ట్రాక్ మీద ఆగకుండా 331 కిలోమీటర్లు వీలీలోనే నడిపాడు. పులివెందులలో చక్రం లేపితే బెంగళూరు దాటిపోయాక దించినట్టు. మరి ఆ ఇంజన్ ఎలా బతికింది?

ఆయన నడిపింది హోండా టీఎల్‌ఎం 220ఆర్. ట్రయల్స్ పోటీల కోసం చేసిన టూ స్ట్రోక్ బండి. టూ స్ట్రోక్‌లో క్రాంక్ కింద ఆయిల్ నిలవుండే సంపే ఉండదు. ఆయిల్ పెట్రోలు ఆవిరితో కలిసి క్రాంక్ గదిలోకి వచ్చి, బేరింగులను తడిపి, చివరికి పెట్రోలుతో పాటు కాలిపోతుంది. టూ స్ట్రోక్ బండి పొగలో వచ్చే ఆ వాసన అదే. నిలవుండని ఆయిల్ వెనక్కి జారదు కదా. బండి ఎంత వాలినా పెట్రోలు అందుతున్నంతసేపు ఆయిల్ కూడా అందుతుంది. గేర్‌బాక్స్‌కు విడిగా దాని ఆయిల్ దానికుంటుంది.

మన దగ్గర 1985 నుంచి 1996 దాకా తయారైన ఆర్‌ఎక్స్ 100 కూడా టూ స్ట్రోకే. పాత తరం అన్నలు దాంతో చేసిన విన్యాసాలు చెప్పి, "మా కాలంలో ఇంజన్‌కు ఏమీ అయ్యేది కాదబ్బా" అంటే, అందులో నిజం ఉంది. కానీ ఆ మాట నమ్మి ఇప్పటి ఫోర్ స్ట్రోక్ బండిని అలాగే లేపితే లెక్క తప్పుతుంది. బయటికి రెండూ బైకులే. లోపల ఆయిల్ నడిచే దారి వేరు.

స్టంట్ బండ్ల లోపల

ప్రొఫెషనల్ స్టంట్ రైడర్లకు ఈ సంగతి బాగా తెలుసు. వాళ్లు చేసే మొదటి పని, కొలత కంటే కాస్త ఎక్కువ ఆయిల్ పోయడం. మట్టం పెరిగితే వాలినప్పుడు కూడా జల్లెడ మునిగి ఉండే అవకాశం పెరుగుతుంది. కొందరు సంపులో అదనపు అడ్డు గోడలు పెట్టిస్తారు, జల్లెడ చోటు మారుస్తారు, ఆయిల్ ప్రెషర్ మీటరు బిగిస్తారు. వీలీలో ప్రెషర్ పడితే చక్రం దించేస్తారు. ఆయిల్ కూడా మామూలు బండి కంటే చాలా తొందరగా మారుస్తారు. ఇన్ని చేసినా ఆ ఇంజన్లు తరచూ విప్పాల్సినవే. అది వాళ్ల ఖర్చు లెక్కలో ముందే ఉంటుంది.

ఇది విని ఇంట్లో బండికి అర లీటరు ఎక్కువ పోస్తే? దానికీ నష్టం ఉంది. మట్టం మరీ పెరిగితే తిరిగే క్రాంక్ ఆయిల్ని కవ్వంతో చిలికినట్టు చిలుకుతుంది. నురగ వస్తుంది. అంటే ఏ గాలి నుంచి తప్పించుకుందామని ఎక్కువ పోశామో, ఆ గాలే ఆయిల్లో కలుస్తుంది. లోపల ఒత్తిడి పెరిగి బ్రీదర్ పైపు గుండా ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి వస్తుంది, తెల్లగా పొగ కొడుతుంది, సీళ్లు కారతాయి. కారిన ఆయిల్ వెనక టైరు మీద పడితే ఇక చెప్పేదేముంది. బండిని మళ్లీ నాలుగు మంది మధ్య తోలాల్సినవాళ్లకు ఇది పనికొచ్చే చిట్కా కాదు.

రోడ్డు మీద చేస్తే చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రమాదకరంగా నడపడం గురించి చెబుతుంది. 2019 సవరణ తర్వాత మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 18 ఏళ్లు నిండని పిల్లలు నేరం చేస్తే 199ఏ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులో, బండి ఓనరో మూడేళ్ల దాకా జైలుకు పోవచ్చు, 25,000 రూపాయల జరిమానా కట్టాలి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. రీల్‌లో నంబరు ప్లేటు కనబడుతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. వీటన్నిటికీ ముందు, ఎదురుగా వచ్చే ఆటోలో కూర్చున్నవాళ్లు ఈ ఆటకు ఒప్పుకోలేదు కదా. ముందు చక్రం గాల్లో ఉంటే ముందు బ్రేకు లేదు, హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు.

సెకండ్ హ్యాండ్ బండి కొంటున్నారా?

ఇది అందరికంటే ఎక్కువ పనికొచ్చే భాగం. మనలో చాలామంది మొదటి స్పోర్ట్స్ బైకు సెకండ్ హ్యాండే. అమ్మేవాడు "సింగిల్ ఓనర్, కాలేజీకి తప్ప తీయలేదు" అంటాడు. బండిని అడగండి, అది నిజం చెబుతుంది.

వెనక గ్రాబ్ రైలు, నంబరు ప్లేటు కింది భాగం, సైలెన్సర్ చివర నేలకు రాసుకున్న గీతలు ఉన్నాయా చూడండి. వెనక ఫ్రేము దగ్గర వెల్డింగు చేసి తీసేసిన గుర్తులుంటే అక్కడ ఒకప్పుడు స్టంట్ కడ్డీ ఉండి ఉండొచ్చు. ముందు చక్రం మాటిమాటికీ దబ్బున దిగితే ఫోర్కు ఆయిల్ సీళ్లు కారతాయి, కోన్‌సెట్ దెబ్బతింటుంది. సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం లేపి, హ్యాండిల్ మెల్లగా తిప్పండి. మధ్యలో ఎక్కడో గాడిలో పడి పట్టుకున్నట్టుంటే అనుమానించండి. క్లచ్ జారుతోందా చూడండి. ఇంజన్ పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడు మీరే స్టార్ట్ చేసి, మొదటి నిమిషం చప్పుడు వినండి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజన్ అయితే, ఎందుకు వేడి చేశారో అడగండి.

వీలైతే ఆయిల్ తీయించి వెలుతురులో చూడండి. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో రజను మెరిస్తే ఊడ్చి దాచుకుంటారు. ఇంజన్ ఆయిల్లో మెరిస్తే మాత్రం బేరం వదిలేసి ఇంటికి రావాలి.

ఆదివారం రెండు నిమిషాలు

వీలీలు కొట్టకపోయినా జల్లెడ బయటపడే దారి ఇంకొకటి ఉంది. అది ఆయిల్ తగ్గిపోవడం. లీటరు పట్టే సంపులో 300 మిల్లీలీటర్లు తగ్గిందనుకోండి. అప్పుడు గట్టిగా బ్రేకు వేసినా, గుంతల రోడ్డులో ఎగిరెగిరి పోయినా, ఇంజనీర్లు లెక్కేసి ఇచ్చిన ఆ కాస్త వెసులుబాటు మిగలదు. నిండుగా ఉన్న బండికి ఏమీ కాని చోట, తక్కువ ఉన్న బండి గాలి పీలుస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ కూడా నడిచే కొద్దీ కొంత ఆయిల్ తాగుతుంది. పాత ఇంజన్ అయితే ఇంకా ఎక్కువ తాగుతుంది. సర్వీసు నుంచి సర్వీసు దాకా మూత తీసి చూడని ఇళ్లే ఎక్కువ.

చూడటం పెద్ద పనేం కాదు. ఇంజన్‌ను రెండు మూడు నిమిషాలు నడిపి ఆపండి. ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగితే పైన ఉన్న ఆయిల్ కిందికి దిగుతుంది. చదునైన చోట సెంటర్ స్టాండు వేయండి. సైడు స్టాండు మీద చూస్తే మట్టం తప్పు చూపిస్తుంది, కారణం మనం ఇందాకటి నుంచి చెప్పుకుంటున్నదే. ఆయిల్ పుల్ల తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. మర బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది బండిని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో రాసి ఉంటుంది. కొన్ని బండ్లకు పుల్ల బదులు అద్దం కిటికీ ఉంటుంది. ఆయిల్ తడి రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటకూడదు, కింది గీతకు దిగకూడదు. తగ్గితే అదే గ్రేడు ఆయిల్ పోయాలి. డబ్బా మీద జేఏఎస్‌ఓ ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూసుకోండి. అది గేరు బండ్ల క్లచ్‌కు సరిపోయే ఆయిల్. కారు ఆయిల్ మిగిలింది కదా అని పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది.

ఈ ఆదివారం నాన్న బండి తాళం అడిగి తీసుకోండి. ఎక్కడికి అని అడిగితే, ఎక్కడికీ పోను, ఆయిల్ చూస్తానని చెప్పండి. పుల్ల తీసినప్పుడు కింది గీత దగ్గర కూడా తడి కనబడకపోతే, ఆ బండిని అక్కడే ఉంచి, ముందు నడుచుకుంటూ పోయి ఆయిల్ డబ్బా తెచ్చుకోండి.